నెర్‌న్‌స్ట్ దీపం నుండి ఇంజను దీపం వరకు

శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు తీరాలలో నడిచేవారికి ఇసుకలో అక్కడక్కడ నల్లని చారలు కనిపిస్తాయి. కెరటాలు తేలిక రేణువులను లాగివేయగా మిగిలిన బరువు ఖనిజాలవి: ఇల్మనైటు, గార్నెటు, సిల్లిమనైటు, వాటితోపాటు కొద్దిగా జిర్కాను. జిర్కాను నుండి తీసే జిర్కోనియా అనే తెల్లని భస్మమే పెట్రోలు కారు పొగగొట్టంలో ఆమ్లజనిని, అనగా ఆక్సిజన్‌ను, పసికట్టే సెన్సరుకు ఆయువుపట్టు. కారులో "చెక్ ఇంజన్" దీపం వెలగగానే, "సెన్సరు పోయింది మాస్టారూ, మార్చెయ్యాలి" అనే మాట శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా షెడ్డులో వినవస్తుంది. సెన్సరు చవక వస్తువు కాదు. మార్చేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం మేలు.

1789లో జర్మన్ రసాయనజ్ఞుడు క్లాప్రోత్ సింహళపు జిర్కాను రాయిలో జిర్కోనియాను గుర్తించాడు. సరిగ్గా నూరేండ్లకు, 1889లో, వాల్టర్ నెర్‌న్‌స్ట్ గాఢతల తేడానుబట్టి ఘటంలో పుట్టే వోల్టేజిని లెక్కగట్టే సూత్రం ప్రకటించాడు. నేడు మన ఇంటర్మీడియట్ విద్యార్థులు బట్టీపట్టే నెర్‌న్‌స్ట్ సమీకరణం అదే. 1897లో ఆయనే జిర్కోనియాలో ఇట్రియా కలిపి కడ్డీ చేసి, దానితో దీపం తయారుచేశాడు. విచిత్రమేమంటే, చల్లగా ఉన్నంతసేపు ఆ కడ్డీలో విద్యుత్తు పారదు. ముందు వేడిచేయాలి, అప్పుడు తెల్లగా వెలుగుతుంది. లోహపు తీగ దీపాలు వచ్చి దానిని మూలకు నెట్టినవి గాని, అందులోని రహస్యం మిగిలిపోయింది. వేడి జిర్కోనియాలో విద్యుత్తును మోసేవి ఎలక్ట్రానులు కావు, ఆమ్లజని అయానులు. ఇట్రియా చేరినపుడు స్ఫటికంలో కొన్ని ఆమ్లజని స్థానాలు ఖాళీ అవుతాయనీ, అంకెల పలకలో ఒక గడి ఖాళీగా ఉంటే బిళ్ళలు జరిగినట్లు అయానులు జరుగుతాయనీ 1943లో కార్ల్ వాగ్నర్ వివరించాడు.

జిర్కోనియాతో చిన్న టోపీ చేసి, లోపల బయట ప్లాటినం పూత పూసి, ఒకవైపు గాలి, రెండవవైపు ఇంజను పొగ తగిలేటట్లు పెడితే ఏమవుతుంది? నెర్‌న్‌స్ట్ సమీకరణం చెబుతుంది. 600 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆర్‌టి/4ఎఫ్ విలువ సుమారు 0.019 వోల్టు. గాలిలో ఆమ్లజని 21 శాతం, పొగలో 2 శాతం అనుకొందాం. వాటి నిష్పత్తి సహజ లాగరిథం 2.35, గుణిస్తే 0.04 వోల్టు. ఇంధనం ఎక్కువైతే పొగలోని ఆమ్లజని పీడనం అట్మాస్ఫియరును 1 పక్క 20 సున్నలు గల సంఖ్యతో భాగించినంతకు పడిపోవచ్చును. అప్పుడు వోల్టేజి 0.84. తరగతిలో నల్లబల్లమీద చేయించదగిన లెక్క ఇది.

ఈ దూకుడే ఇంజనీర్లకు కావలసివచ్చింది. లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్మిన పొగమంచుకు మోటారు వాహనాలు వదిలే వాయువులూ సూర్యరశ్మీ కారణమని 1950 తరువాత హాగెన్-స్మిట్ నిరూపించాడు. 1970లో అమెరికా గట్టి చట్టం చేసింది. కార్బన్ మోనాక్సైడు, మండని ఇంధనం, నత్రజని ఆక్సైడులు, మూడింటినీ ఒకేసారి శుద్ధిచేసే ఉత్ప్రేరకం బరువులో 1 పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళు గాలి ఉంటేనే చక్కగా పనిచేస్తుంది. ఆ తూకం తప్పకుండా చూసే కాపలాదారుగా 1976లో బాష్ వారి సెన్సరు వోల్వో కారులో ప్రవేశించింది. కారు తన లోపాలను తానే కనిపెట్టి దీపం వెలిగించాలని 1988 మోడళ్ళనుండి కాలిఫోర్నియా నిర్బంధించింది.

మన దేశంలో 1995లో నాలుగు మహానగరాలలో ఉత్ప్రేరకమూ సీసంలేని పెట్రోలూ వచ్చినవి. సీసం ఉత్ప్రేరకాన్నీ సెన్సరునూ కూడ చెరుపుతుంది. 2000 ఫిబ్రవరిలో దేశమంతటా సీసం పెట్రోలు నిలిచిపోయింది. భారత్ స్టేజి-4 నియమాలు 2010లో హైదరాబాదుతో సహా 13 నగరాలలో మొదలై, 2017 ఏప్రిల్ 1 నాటికి మన జిల్లాలతోపాటు దేశమంతటా అమలైనవి. 2020లో స్టేజి-6 వచ్చింది.

ఇక షెడ్డుకు వద్దాం. దీపం మిణుకుమిణుకుమంటే సిలిండరులో మంట తప్పుతున్నదన్నమాట. బండి ఆపడం మంచిది. నిలకడగా వెలిగితే స్కానరుతో కోడు చదివించాలి. పి0171 అని వస్తే మిశ్రమం పలుచనైనదని అర్థం. ఆ వార్త తెచ్చినదే సెన్సరు. వార్తాహరుని మార్చి ప్రయోజనమేమి? గాలిగొట్టం చీలిందా, పెట్రోలు పీడనం తగ్గిందా, సెన్సరుకు ముందు పొగగొట్టం పగిలిందా చూడాలి. పి0135 అయితే సెన్సరును వేడిచేసే హీటరు వలయం సంగతి. నెర్‌న్‌స్ట్ కడ్డీవలెనే ఇదీ చల్లగా ఉంటే పలకదు గదా! ముందు ఫ్యూజు, తీగలు చూడాలి. తీరగ్రామాల ఉప్పుగాలి కనెక్టరు పిన్నులను తినివేస్తుంది. తీగల విషయంలో ఎలుకలు అంతకంటె ఘనులు.

ఇంజను బాగా వేడెక్కిన తరువాత ముందు సెన్సరు 0.1, 0.9 వోల్టుల మధ్య చకచక ఊగాలి. తీగలు బాగుండి, మిశ్రమం మార్చినా అది కదలకపోతే అప్పుడు సెన్సరునే అనుమానించాలి. (కొన్ని కార్లలోని విశాలశ్రేణి సెన్సర్లకు ఈ పరీక్ష చెల్లదు.) ఉత్ప్రేరకం వెనుక ఉండే రెండవ సెన్సరు దాదాపు నిలకడగా ఉండాలి, అదీ మొదటిదానివలె ఊగుతుంటే తప్పు ఉత్ప్రేరకానిది కావచ్చును.

మార్చవలసివస్తే గొట్టం గోరువెచ్చగా ఉన్నపుడు, తీగ దూరేందుకు చీలిక ఉన్న పానాతో విప్పాలి. సాధారణంగా 22 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది. కొత్తదాని కొసకు చేతి జిడ్డు, గ్రీజు, సిలికోను తగలనీయరాదు. తరువాత కోడు చెరిపి కొన్ని రోజులు నడిపి చూడాలి. అదే కోడు మళ్ళీ వస్తే గాలిగొట్టం దగ్గరనుంచి పరీక్ష తిరిగి మొదలుపెట్టవలసినదే.