డెనాలి: ఎక్కిన వాళ్ళు, పేరు పెట్టిన వాళ్ళు

పర్వతాలు ఎక్కడం అనగానే మనందరికీ ఎవరెస్టు, టెన్సింగ్, హిల్లరీ గుర్తుకొస్తారు. ఉత్తర అమెరికా ఖండంలోకెల్లా ఎత్తయిన శిఖరం గురించి మన క్లాసులో అడిగితే చాలామందికి పేరు కూడా తెలీదు. ఆ శిఖరం డెనాలి. అలాస్కాలో ఉంది. ఎత్తు 20,310 అడుగులు, అంటే 6,190 మీటర్లు. ఎవరెస్టుకన్నా ఇది చాలా చిన్నదే. కానీ ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండడం వల్ల ఇక్కడి చలి, గాలి మహా భయంకరం.

అక్కడి ఆదివాసులైన అథబాస్కన్ ప్రజలు తరతరాలుగా దాన్ని డెనాలి అనే పిలుస్తున్నారు. ఎత్తయినది అని దాని అర్థం. 1896లో బంగారం వెతుక్కుంటూ వచ్చిన విలియం డిక్కీ అనే ఆయన దానికి మెకిన్లీ అని పేరు పెట్టాడు. మెకిన్లీ అప్పుడు అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న నాయకుడు. ఆయన అలాస్కాలో ఎన్నడూ అడుగు పెట్టలేదు!

1906లో ఫ్రెడరిక్ కుక్ అనే డాక్టరు తాను శిఖరం ఎక్కానని ఫోటో చూపించాడు. అది వేరే చిన్న గుట్ట మీద తీసినదని తర్వాత తేలింది. 1910లో కొందరు బంగారు గని కార్మికులు 14 అడుగుల కర్ర మోసుకుంటూ ఎక్కారు. వాళ్ళలో టేలర్, ఆండర్సన్ అనే ఇద్దరు ఉత్తర శిఖరం చేరారు. అయితే అది అసలు శిఖరం కన్నా 800 అడుగులకు పైగా తక్కువ. పైగా వాళ్ళ మాట చాలామంది నమ్మలేదు.

1913లో హడ్సన్ స్టక్ అనే మతగురువు, హ్యారీ కార్‌స్టెన్స్, రాబర్ట్ టాటమ్, వాల్టర్ హార్పర్ బయలుదేరారు. దారిలో నిప్పంటుకుని గుడారాలు, సామాన్లు కొన్ని కాలిపోయాయి. మిగిలిన గుడ్డలతో మళ్ళీ గుడారాలు కుట్టుకున్నారు. అంతకు ముందు ఏడు వచ్చిన భూకంపంతో మంచు గట్టు ముక్కలై ఉంది. దాన్ని మెట్లుగా చెక్కడానికే మూడు వారాలు పట్టింది. పైకి వెళ్తుండగా ఉత్తర శిఖరం మీద ఆ గని కార్మికుల కర్ర హార్పర్ కంటబడింది. అలా వాళ్ళు చెప్పింది నిజమేనని తేలింది. జూన్ 7న నలుగురూ శిఖరం చేరారు. ముందుగా అడుగు పెట్టింది హార్పర్. వాళ్ళమ్మ అథబాస్కన్ స్త్రీ. అప్పటికి అతని వయసు 20 ఏళ్ళే.

నాకు బాగా నచ్చింది ఇంకొకడు. జానీ ఫ్రెడ్సన్ అనే ఆదివాసీ కుర్రవాడు కింద శిబిరంలో 31 రోజులు ఒక్కడే కాపలా ఉన్నాడు. తన వంతు చక్కెర తినకుండా పైనుంచి దిగేవాళ్ళ కోసం దాచిపెట్టాడు.

హార్పర్ డాక్టరు చదువుదామని 1918లో కొత్తగా పెళ్ళయిన భార్యతో ఓడ ఎక్కాడు. ప్రిన్సెస్ సోఫియా అనే ఆ ఓడ మునిగిపోయి, అందులో ఉన్నవాళ్ళంతా చనిపోయారు.

కొండకు పాత పేరే ఉంచాలని స్టక్ తన పుస్తకంలో గట్టిగా కోరాడు. అయినా ప్రభుత్వం మెకిన్లీ పేరునే ఖాయం చేసింది. 2015లో ఒబామా డెనాలి అని మార్చారు. 2025లో ట్రంప్ తిరిగి మెకిన్లీ అన్నారు. ఇదంతా చదివి, పేరులో ఏముందిలే అని నేను అనుకోలేకపోయాను. మేం ఇంట్లో బరంపురం అంటాం, స్టేషను బోర్డు మీద బ్రహ్మపూర్ అని ఉంటుంది. రెండూ ఇక్కడ బతికేవాళ్ళ నోటి మాటలే కాబట్టి గొడవ లేదు. మెకిన్లీ అలా కాదు, ఆ కొండను చూడనివాడి పేరు.

2022 జూన్‌లో తెలంగాణ అమ్మాయి మాలావత్ పూర్ణ కూడా ఈ శిఖరం ఎక్కింది. మనలో ఎవరైనా ఆమె గురించి రాసేటప్పుడు డెనాలి అనే రాయాలని, పక్కన హార్పర్ పేరు, జానీ పేరు కూడా చేర్చాలని నా కోరిక.