మన దారిలో లేని వీధి

నాకు సైకిలు నలభై ఏళ్లు దాటాక వచ్చింది. చిన్నప్పుడు ఇంట్లో అన్నయ్యకు సైకిలుండేది. దాన్ని తుడవడం నా వంతు, తొక్కడం వాడి వంతు. అందుకే బెర్లిన్‌లో గైడు వెంట సైకిలు మీద ఊరు చూడొచ్చనగానే పేరిచ్చేశాను.

అలెగ్జాండర్‌ప్లాట్జ్‌లో టీవీ టవరు కింద బయల్దేరాం. రాజభవనం చూశాం. 1961లో కట్టిన గోడలో మిగిలిన ముక్క చూశాం. హిట్లర్ ఆత్మహత్య చేసుకున్న బంకరు మీద ఇప్పుడున్న కార్ల పార్కింగు కూడా చూశాం. రాజులు, నియంతల పేర్లు వచ్చిన ప్రతిచోటా గైడు మా చేత కాలు కింద పెట్టించాడు. రోజెన్‌ష్ట్రాసె సంగతి అడిగితే, "అది మన దారిలో లేదు" అన్నాడు. తప్పు అతనిది కాదు, ఆ దారే అట్లా గీశారు.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్లాను. మేం బయల్దేరిన చోటికి అది కూతవేటు దూరమే!

1943 ఫిబ్రవరి 27న నాజీలు బెర్లిన్ ఫ్యాక్టరీల్లో పనిచేస్తున్న యూదుల్ని పట్టుకున్నారు. వాళ్లలో యూదేతర స్త్రీలను పెళ్లాడినవాళ్లు ఎక్కువగా ఉన్న దాదాపు 2000 మందిని ఈ వీధిలో నిర్బంధించారు. భార్యలు, తల్లులు వచ్చి వీధిలో నిలబడ్డారు. జెండా లేదు, నాయకత్వం లేదు. మావాళ్లను మాకిమ్మని దాదాపు వారం రోజులు అరిచారు. మార్చిలో చాలామందిని వదిలేశారు.

ఆ స్త్రీల వల్లే వదిలారా? వీళ్లను అప్పుడు మరణశిబిరాలకు పంపే ఉద్దేశమే లేదని కొందరు చరిత్రకారులంటారు. ఆ చర్చ జరగాల్సిందే. కానీ ఓడిన రాజులకు పెట్టని పరీక్ష వీళ్లకే ఎందుకు? గెలిచామని రుజువు చేసుకుంటేనే చరిత్రలో చోటిస్తామా?

నన్ను ఇంకొకటి కూడా ఆలోచింపజేసింది. విడాకులు తీసుకోమని రాజ్యం ఈ స్త్రీల మీద ఏళ్ల తరబడి ఒత్తిడి పెట్టింది. విడిపోతే ఆ భర్తకున్న కాస్త రక్షణా పోయేది. కుటుంబాన్ని పితృస్వామ్యపు కోటగా చదువుకున్నవాళ్లం మనం. ఇక్కడ కాపురం నిలుపుకోవడమే రాజ్యధిక్కారమైంది. రెండూ నిజాలే.

ఆ భవనం ఇప్పుడు లేదు. ఇంగెబోర్గ్ హున్‌జింగర్ చెక్కిన ఎర్రరాతి స్త్రీలు 1995 నుంచి అక్కడున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని 1986లో స్త్రీశక్తి సంఘటన పుస్తకంగా తెచ్చినప్పుడు దానికి 'మనకు తెలియని మన చరిత్ర' అని పేరెందుకు పెట్టిందో అక్కడ మళ్లీ అర్థమైంది. సైకిలుకు స్టాండు వేసి, ఆ రాతి ఆడవాళ్ల పక్కన చాలాసేపు కూర్చున్నాను. పదండి పదండి అని తొందరపెట్టే గైడు లేడు.