కందకములలో గుఱ్ఱపు రౌతులు



మన సూరారమునకు బొల్లారము ఎంతో దూరము కాదు. ఒకప్పుడు హైదరాబాదు కంటింజెంటు అను సైన్యమునకు అదియే ముఖ్యస్థానము. నిజాము రాజ్యపు ధనముతో, ఆంగ్లేయ సేనానుల చేతిక్రింద నడచిన సైన్యమది. 1903లో అది ఇండియా సైన్యమున గలసిపోగా, అందలి రౌతుల దళ మొకటి 20వ డెక్కన్ హార్సు అను పేర నిలిచెను. దక్కను ముసల్మానులు, సిక్కులు, జాట్లు అందలి వారు. 1914లో ఐరోపాలో మహాసంగ్రామము పుట్టగా ఈ దళము సికింద్రాబాదు బ్రిగేడుతో ఓడలెక్కి, ఆ యేడే ఫ్రాన్సు దేశమున దిగెను. దాని వ్యయమును నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను భరించెను.

నేను బడిలో ఈ యుద్ధమును బోధించునప్పుడు రాజుల పేర్లును, సంధుల తేదులును వల్లె వేయించితిని గాని, సిపాయి ఎచ్చట పండుకొనెనో ఒక్కనాడును చెప్పలేదు. ఆ లోపమును నేడు కొంత దీర్చుకొందును.

రౌతులు గుఱ్ఱములతో, బల్లెములతో పోయిరి. కాని అచ్చట గుఱ్ఱము పరుగిడుటకు చోటు లేదు. స్విట్జర్లాండు పొలిమేర మొదలు ఉత్తర సముద్రము వఱకు ఉభయ సేనలును నేలను త్రవ్వుకొని యెదురెదురుగా గూర్చుండెను. మన కథలలో అగడ్తను కోట చుట్టును త్రవ్వి, జనులు కోటలో నుందురు. అచ్చట కోట లేదు; అగడ్తయే యిల్లు.

కందకమును తిన్నగా త్రవ్వరు. మెలికలు మెలికలుగా త్రవ్వుదురు. ఒకచోట ఫిరంగి గుండు పడినను దాని తునకలు వరుస పొడవునను పోకుండుటకు ఈ యుపాయము. ఫ్లాండర్సు నేల పల్లము. రెండు మూడడుగులు త్రవ్వగనే నీరూరును. అందుచే ఇసుక సంచులు పేర్చి గోడలు లేపిరి. తెల్లవారుజామునను, మునిమాపునను అందఱును తుపాకులకు కత్తులు తగిలించి మెట్టుపై నిలువవలెను. శత్రువు పైబడు వేళ లవియే. పగలు తల యెత్తరాదు. పని యంతయు రాత్రియే: ముళ్లతీగ బాగుచేయుట, గోడ లెత్తుట, నీరును తూటాలను మోయుట. నిద్ర పగటిపూట, గోడలో తొలిచిన గూటిలో. ఎలుకలకు, పేలకు కొదవ లేదు. చన్నీట గంటల కొలది నిలిచిన పాదములు ఉబ్బి, నల్లబడి, కుళ్లెడివి. అందులకు తిమింగిలపు నూనె మర్దించుమని యాజ్ఞ. పిండి, పప్పు, నెయ్యి వెనుకనుండి వచ్చెడివి. మాంసమునకై మేకలను ప్రాణముతోనే తోలుకొని వచ్చెడివారు; ఎవరి ధర్మము చొప్పున వారు కోసికొనుటకు.

రౌతులును గుఱ్ఱములను వెనుక కొందఱికి అప్పగించి, కాలినడకన వంతులవారీగా ఈ గోతులలో దిగిరి. 1914 డిసెంబరున ఫెస్టుబర్ట్ వద్ద సికింద్రాబాదు బ్రిగేడు పోరాడినదియు ఇట్లే.

ఇంటికి వ్రాయు జాబులను అధికారులు చదివిన పిమ్మటనే పంపెడివారు. కావున ఇండియా సిపాయీలు కొందఱు మర్మముగా వ్రాసిరి. నల్ల మిరియములనగా మనవారు, ఎఱ్ఱ మిరపకాయలనగా తెల్లవారు. మిరియములు తఱిగిపోవుచున్నవని వ్రాసినచో, మన సిపాయీలు చచ్చుచున్నారు, తమ్ముని పట్టాలములో చేర్పకుడని భావము. చదివిన దొరలు కొన్నాళ్లకు ఆ మర్మమును గ్రహింపకపోలేదు.

1915 చివర మన పదాతులలో అధికులను ఫ్రాన్సునుండి మెసొపొటేమియాకు తరలించిరి, రౌతులు నిలిచిరి. వారు కోరిన దినము 1916 జూలై 14న వచ్చెను. సొమ్ము నదీప్రాంతమున హైవుడ్ అను చిట్టడవి వద్దకు వారిని ఉదయముననే పిలిచిరి. కాని కందకములు, గుండ్లు పడిన గుంటలు దాటి చేరునప్పటికి సాయంకాలమాయెను. ఏడు గంటల ప్రాంతమున డెక్కన్ హార్సు బల్లెములు వంచి, కోతకు రాని గోధుమచేలలో గుఱ్ఱములను దుమికించెను. దాగియున్న జర్మనులు కొందఱు పొడుపులకు గూలిరి, కొందఱు చేతులెత్తిరి. పిదప? చీకటి పడగా గుఱ్ఱములు దిగి అచ్చటనే గుంటలు త్రవ్వి కాచి, తెల్లవారకముందే వెనుదిరిగిరి. ఆ యడవి సెప్టెంబరు 15 వఱకు చిక్కలేదు.

దాదాపు రెండేండ్లు నిరీక్షించిన వారికి దక్కినది ఒక్క సాయంకాలము. మరల పాఱలే చేతబట్టిరి. 1918లో వారిని పాలస్తీనాకు పంపిన పిదపనే గుఱ్ఱములకు పని దొరకెను. ఆ దళము డెక్కన్ హార్సు అను పేరుతోనే నేటికిని భారత సైన్యమున నున్నది. గుఱ్ఱములు పోయి ట్యాంకులు వచ్చినవి.