మన దేశమున గాలి లెక్క

లోకమున లెక్కకు అందని వస్తువును గాలితో పోల్చుట మన భాషకు పరిపాటి. ఆధారము లేని వార్త గాలికబురు. పునాది లేని ఆశ గాలిమేడ. పట్టించుకొనువారు లేని కార్యమును గాలికి వదలినారందురు. భూమికి శిస్తు కలదు, చెఱువునకు ఆయకట్టు కలదు, వానకు సైతము కొలత కలదు. గాలికి మాత్రము పట్టా లేదు, పన్ను లేదు. ఐనను గడచిన రెండువందల యేండ్లలో మానవుడు ఈ గాలికిని లెక్క కట్టినాడు. ఏ చోట, ఏ మాసమున, ఎంత యెత్తున, ఎంత వేగముతో వీచునో వ్రాసియుంచి, దానినుండి ఎంత విద్యుచ్ఛక్తి లభింపగలదో దేశపటముమీద గుర్తించినాడు. మన దేశమున ఈ లెక్క మొదట తక్కువగా తేలి, పిమ్మట సరిదిద్దబడినది. ఆ వృత్తాంతము చదువరులు తెలిసికొనదగినది. దస్త్రము సత్యమైనను, దానిని చదివిన తీరు పొరపాటైనచో దేశమునకెంత నష్టము వాటిల్లునో ఇందు కనబడును.

మన పెద్దలకు గాలి తెలియనిది కాదు. కళ్లమునకు చోటు చూచునపుడే రైతు గాలి ఆడు మెరకను ఏరుకొనెడివాడు. ధాన్యమును తూర్పారపట్టు దినమున ఏ వేళ గాలి నిలుకడగా వీచునో అతనికి తెలియును. ఓడలు నడపినవారు ఋతుపవనములను నమ్మియే సముద్రములు దాటిరి. క్రీస్తుశకము ఆఱవ శతాబ్దమునకు చెందిన వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు, ఆషాఢమాసమున చంద్రుడు రోహిణితో కూడిన సమయమున గాలిని పరీక్షించు విధమును తెల్పినాడు. పండ్రెండు మూరల యెత్తున నాలుగు మూరల నల్లని పలుచని పతాకమును నిలిపి, అది ఎగురు దిక్కునుబట్టి గాలిని నిర్ణయింపవలయునట. గాలిని నేలమీద గాక ఎత్తున పరీక్షింపవలయునను వివేకము ఆనాడే యుండుట గమనింపదగినది. ఐతే ఆ పతాకము దిక్కును చెప్పినదేగాని వేగమును అంకెలలో చెప్పలేదు.

అంకెలు పిమ్మట వచ్చినవి. 1846లో ఐర్లండు దేశమందలి ఆర్మా వేధశాలాధిపతి రాబిన్సను, నాలుగు అర్ధగోళపు గిన్నెలను అడ్డకఱ్ఱలకు బిగించి తిరుగు సాధనమును రూపొందించెను. గిన్నెలు ఎన్నిమాఱులు తిరిగినవో లెక్కించినచో గాలి ఎంత దూరము నడచినదో తెలియును. మన దేశమున వాతావరణ పరిశీలన కలకత్తాయందు 1785లోను, మద్రాసునందు 1796లోను ప్రారంభమైనది. 1864వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన కలకత్తాను పెనుతుఫాను ముంచెత్తెను. నెల తిరుగకముందే, నవంబరు 1వ తేదీన, మఱియొక తుఫానువలన సముద్రము పొంగి మచిలీపట్టణమును కబళించెను. దాదాపు ముప్పదివేలమంది మరణించిరి. తరువాత 1866, 1871 సంవత్సరములలో వానలు తప్పినవి. ఇట్టి విపత్తుల నడుమ, చెదరియున్న పరిశీలన కేంద్రములన్నిటిని ఒక్క యేలుబడి క్రిందికి తెచ్చుటకై 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. బ్లాన్‌ఫర్డు దొర దానికి ప్రథమాధికారి.

అది మొదలు ఊరూర పరిశీలకులు నియత సమయమున మీటలు, ముల్లులు చూచి పట్టికలు నింపుచువచ్చిరి. ఉష్ణము, తేమ, వాన, గాలి దిక్కు, గాలి వేగము అను నీ అంకెలను ఎండనక వాననక వ్రాసినవారు వేలమంది. ఆ పట్టికలు వాన రాకను, తుఫాను పోకను తెలిసికొనుటకు ఉద్దేశింపబడినవి. వాని కాధారముగా గాలినుండి విద్యుత్తు తీయవచ్చునను ఊహ ఆనాడెవ్వరికిని లేదు. ఒక పనికై వ్రాసిన దస్త్రమును వేఱొక పనికి వాడుటలోనే చిక్కు పుట్టినది.

ఆ చిక్కు తెలియుటకు చిన్న గణితము చాలును. గాలియందలి శక్తి దాని వేగముతో సమానముగా పెరుగదు. వేగముయొక్క ఘనమునుబట్టి పెరుగును. వేగము రెట్టింపైనచో శక్తి ఎనిమిది రెట్లగును. ఒక చోట మొదటి దినమున సెకనుకు 2 మీటర్లు, రెండవ దినమున 6 మీటర్లు గాలి వీచినదనుకొందము. సగటు 4, దాని ఘనము 64. కాని దినమునకు దినము వేఱుగా లెక్కించినచో 2 యొక్క ఘనము 8, 6 యొక్క ఘనము 216. రెండును కలిసి 224, అందు సగము 112. సగటు వేగమును మాత్రమే పట్టుకొన్నవాడు 112 ఉండవలసినచోట 64 వ్రాసికొనును. ఉన్న సొత్తులో నూటికి నలుబది పాళ్లకు పైగా లెక్కలోనుండి జారిపోవును. కాబట్టి గాలి శక్తి తెలియుటకు ఏటి సగటు చాలదు. ఏ వేగము ఎన్ని గంటలు నిలిచినదో తెలియవలయును.

రెండవ చిక్కు స్థలమునకు సంబంధించినది. వాతావరణ కేంద్రములు మనుష్యులున్నచోట, అనగా పట్టణములలోను, కచేరీల ఆవరణములలోను, విమానాశ్రయములలోను ఉండుట సహజము. స్థాపించిన నాడు బయలుగా నున్న చోట యేండ్లు గడచినకొలది చెట్లు పెరుగును, మేడలు లేచును. గాలి మారకున్నను గిన్నెలు మందగించును. ముప్పది యేండ్ల పట్టిక చూచినవానికి దేశమున గాలియే తగ్గినదని తోచును. సాధనపు ఇరుసు అరిగినను ఫలితమదియే. మూడవది ఎత్తు. ఈ కొలతకు నియమింపబడిన ఎత్తు 10 మీటర్లు. చదునైన బయలున 100 మీటర్ల యెత్తున గాలి వేగము సాధారణముగా దానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లకు కొంచెము తక్కువగా నుండును. శక్తి మాత్రము రెండున్నర రెట్లు దాటును.

1960వ దశకమున బెంగుళూరునందలి జాతీయ వైమానిక ప్రయోగశాలవారు నీరు తోడు గాలిమరలను నిర్మించి చూచిరి. కాని భారతదేశపు గాలులు బలహీనములనియు, ఏటిలో కొన్ని నెలలు మాత్రమే వీచుననియు, వానిపై పెట్టుబడి దండుగయనియు అభిప్రాయము బలపడియుండెను. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరిగిన పిమ్మట దేశములన్నియు ఇతర శక్తులకై వెదకసాగినవి. మన ప్రభుత్వము 1981లో ఇందులకై ఒక సంఘమును, 1982లో ప్రత్యేక శాఖను ఏర్పాటు చేసెను. అప్పుడు మొట్టమొదటి ప్రశ్న పుట్టినది: మనకు నిజముగా ఎంత గాలి కలదు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో అగ్రగణ్యురాలు అన్నా మణిగారు. వారు 1918 ఆగస్టు 23వ తేదీన తిరువాన్కూరు రాజ్యమందలి పీరుమేడున జన్మించిరి. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, బెంగుళూరులో చంద్రశేఖర వేంకటరామన్‌గారి ప్రయోగశాలయందు వజ్రముల, కెంపుల కాంతినిగూర్చి పరిశోధించిరి. ఎమ్మెస్సీ పట్టము లేదను కారణముచే వారి పరిశోధనకు డాక్టరు పట్టము లభింపలేదు. వారు కుంగలేదు. 1945లో ఇంగ్లండునకు పోయి వాతావరణ సాధనముల నిర్మాణము నేర్చి, 1948లో తిరిగివచ్చి పూనాయందు వాతావరణ శాఖలో చేరిరి. అంతవరకు పరదేశమునుండి తెప్పించుకొనుచున్న సాధనములను ఇచ్చటనే చేయుటకై దాదాపు నూఱు సాధనములకు ప్రమాణ చిత్రములు సిద్ధపఱచిరి. కొలత తప్పుటకంటె కొలత లేకుండుటయే మేలని వారి మతము. 1976లో ఉప ప్రధానాధికారి పదవినుండి విరమించినను పని విరమింపలేదు. 1983లో మూలేగారితో కలిసి భారతదేశపు పవనశక్తి వివరములను గ్రంథముగా ప్రకటించిరి. వాతావరణ కేంద్రముల యేండ్ల తరబడి పట్టికలను శక్తి దృష్టితో మరల చదివిన గ్రంథమది.

వారి ఘనత పట్టికలు కూడుటతో ముగియలేదు. పొలము చూడక అడంగలు వ్రాయరాదని మన గ్రామములలో పూర్వమునుండి నియమము కలదు. పైరు ఉన్నదో లేదో కంటితో చూచి వ్రాయుటయే అజమాయిషీ. గాలి విషయమునను అట్టి అజమాయిషీ అవసరమని తెలిసినది. పట్టణపు పట్టికలు వదలి కొండకొనలకు, కనుమలకు, సముద్రతీరములకు పోవలసివచ్చెను. తీగలతో బిగించిన సన్నని ఉక్కు స్తంభములను 20, 25 మీటర్ల యెత్తున నిలిపి, వానికి గిన్నెలు తగిలించి, ఏడాదికి తక్కువ గాకుండ రేయింబవళ్లు వేగమును నమోదు చేయించిరి. బెంగుళూరునందు భారత ఉష్ణమండల వాతావరణ సంస్థయొక్క క్షేత్ర విభాగము ఈ కార్యమునకు కేంద్రమయ్యెను. క్రమక్రమముగా ఏడువందలకు పైగా స్థలములలో గాలి కొలువబడెను. ఆ ఫలితములు 1990 నుండి సంపుటములుగా వెలువడినవి. అన్నా మణిగారు 2001 ఆగస్టు 16వ తేదీన దివంగతులైరి.

ఇట్లు వెదకగా తేలినదేమి? దేశమంతట గాలి సమముగా లేదు. కొన్ని ద్వారములగుండ అది బలముగా దూరుచున్నది. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను తాకి, కొండలు తెగిన పాలఘాటు, షెన్కోట, ఆరల్వాయ్‌మొళి కనుమలలో సందు దొరికిన ప్రవాహమువలె ఉఱుకును. మన రాయలసీమకు వచ్చుసరికి ఆ గాలి తన తేమనంతటిని పడమటి కొండలమీదనే కురిసి వట్టిదై వచ్చును. ఆషాఢ శ్రావణములలో మబ్బులు తేలిపోవుచుండ, దుమ్ము రేపు ఈ గాలిని చూచి అనంతపురపు రైతు నిట్టూర్చుట తరతరముల కథ. అట్టి చోటులే శక్తికి నెలవులని స్తంభములు సాక్ష్యమిచ్చినవి. నాటి అనంతపురము జిల్లాయందలి రామగిరి, కడవకల్లు, తిరుమల కొండలందలి కాకులకొండ ఇట్లు ఈ లెక్కకెక్కినవి. రామగిరి 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. వానను ఇయ్యని గాలియే వెలుగును ఇచ్చునని పూర్వమెవ్వరు ఊహించిరి?

1986 ప్రాంతమున గుజరాతునందు ఓఖాలోను, తమిళనాడునందు తూత్తుకుడి చెంతను తొలి గాలిమరల క్షేత్రములు వెలసినవి. ఒక్కొక్క మరయొక్క శక్తి 55 కిలోవాట్లు మాత్రమే. 1990 దశకమున యంత్రపు వెల మొత్తమును మొదటి యేటనే తరుగుగా చూపి పన్ను తగ్గించుకొను సౌకర్యము లభించుటతో మరలు వేగముగా పెరిగినవి. అందు కొన్ని గాలి చూచి గాక పన్ను చూచి నిలిపినవి కాబట్టి, తిరుగవలసినంత తిరుగలేదు. కొలత లేని ఉత్సాహమునకు ఇది దృష్టాంతము. 1998లో పవనశక్తి సాంకేతిక కేంద్రము చెన్నపట్టణమున స్థాపింపబడి, 2015లో జాతీయ పవనశక్తి సంస్థ యను నామము పొందెను.

ఇక పటము గీచు విధము. ప్రతి పొలమునను స్తంభము నాటుట అసాధ్యము. డెన్మార్కు దేశపు రీసో పరిశోధనశాలవారు ఇందులకు ఉపాయము కనుగొని, 1989లో ఐరోపా పవనపటమును ప్రకటించిరి. ఒక కేంద్రపు కొలతనుండి అచ్చటి చెట్ల, ఇండ్ల, గుట్టల ప్రభావమును గణితముచే తీసివేసినచో ఆ ప్రాంతపు స్వచ్ఛమైన గాలి తేలును. ఆ గాలికి వేఱొక చోటి చెట్లను, గుట్టలను తిరిగి చేర్చినచో అచ్చటి గాలి తెలియును. మొదట దారి తప్పించిన అడ్డులనే ఈ విధమున లెక్కలోనికి తెచ్చిరి. వారి సాహాయ్యముతోనే 2010లో భారతదేశపు పవనపటము వెలువడెను. అందు అధిక రాష్ట్రములలో నూటికి రెండు పాళ్ల భూమి మాత్రమే మరలకు దొరకునని భావించి, 50 మీటర్ల యెత్తున 49,130 మెగావాట్లు, 80 మీటర్ల యెత్తున 1,02,788 మెగావాట్లు లభింపగలవని లెక్క తేల్చిరి. 100 మీటర్ల యెత్తునకు చేసిన తరువాతి గణనలో దేశమునకు సుమారు 3,02,000 మెగావాట్లు, అందు ఆంధ్రప్రదేశమునకు సుమారు 44,000 మెగావాట్లు వచ్చెను. 150 మీటర్ల యెత్తునకు దేశపు అంకె పదునొకండు లక్షలను దాటినది. దేశపు గాలి మారలేదు; చూచిన ఎత్తు మాఱినది, భూమిని ఎన్నిన తీరును మాఱినది.

ఐనను ఇది రాబడి లెక్క గాదని మఱువరాదు. ఆయకట్టు వేఱు, సాగైన భూమి వేఱు. దారులు, తీగలు, అడవులు, ఊళ్లు, పెట్టుబడి వీనినన్నిటిని దాటి మార్చి 2025 నాటికి దేశమున నిలిచిన మరల శక్తి 50,000 మెగావాట్లకు చేరినది. గాలి బలహీనమని చేతులు ముడుచుకొన్నచో ఇంతమాత్రము సైతము కలిగెడిది కాదు.

ఈ చరిత్రలో పేరున్నవారు కొందఱు. పేరు లేనివారు వేలమంది. ప్రతి ఉదయమును సాధనము చెంతకు పోయి, చూచినది చూచినట్లు వ్రాసిన పరిశీలకుని పేరు ఆ పట్టికలో నుండదు. అతడు వ్రాసిన అంకె లేనిచో సరిదిద్దుటకు తప్పైనను ఉండెడిది కాదు. వానమాని చదువునట్టి, బావినీటి లోతు గుర్తించునట్టి గ్రామవాసులకు ఇది గుర్తుండదగినది. నేడు అక్కఱ లేదనిపించిన అంకె నూఱేండ్లకు ఎవ్వరి చేతిలో ఏ ఫలమిచ్చునో తెలియదు. గ్రంథములను, దస్త్రములను పదిలపఱచు గ్రంథాలయములు అట్టి అంకెలను మరల చదువువారు వచ్చువఱకు కాపాడుచుండుగాక.