గణాంక సలహా, వ్యవసాయ పరిశోధనలో

వ్యవసాయ పరిశోధకులకు ప్రయోగాల రూపకల్పనలోనూ, ఫలితాల విశ్లేషణలోనూ విశ్వవిద్యాలయ గణాంక శాస్త్రవేత్తలు అందించే సహాయం. దిగుబడిలో కనిపించిన తేడా వంగడానిదా, నేలదా అని తేల్చడం దీని ముఖ్య ప్రయోజనం.

ఆరంభం: మడికీ మడికీ దిగుబడి పోల్చుకోవడం రైతులకు అనాదిగా ఉన్న అలవాటే. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్‌లో ఎరువుల ప్రయోగాలు 1843లో మొదలయ్యాయి. 1919లో అక్కడ చేరిన ఆర్.ఎ. ఫిషర్ ఆధునిక ప్రయోగ రచనకు పునాది వేశారు.

ఏమ్స్ కేంద్రం: ఈ సలహా విశ్వవిద్యాలయ సేవగా రూపుదిద్దుకున్నది అమెరికాలో ఏమ్స్ పట్టణంలోని అయోవా స్టేట్ కళాశాలలో. 1924లో వ్యవసాయ పత్రికా సంపాదకుడు హెన్రీ వాలెస్ అక్కడి అధ్యాపకులకు పది శనివారాలు గణాంక పద్ధతులు బోధించారు. ఆయనతో కలిసి గణితాచార్యుడు జార్జ్ స్నెడెకర్ 1925లో యంత్రగణనపై చిన్న పుస్తకం వెలువరించారు. 1927లో గణాంక సేవా విభాగం, 1933లో స్నెడెకర్ సారథ్యంలో స్టాటిస్టికల్ లేబొరేటరీ ఏర్పడ్డాయి. ఫిషర్ 1931, 1936 వేసవుల్లో ఇక్కడ ఉపన్యసించారు. స్నెడెకర్ 1937లో ప్రచురించిన ‘స్టాటిస్టికల్ మెథడ్స్’ పరిశోధకులకు అర్థమయ్యే భాషలో రాసిన ఉత్తమ గ్రంథం. గణన విభాగాన్ని సమర్థంగా నడిపిన గెర్‌ట్రూడ్ కాక్స్ 1940లో నార్త్ కరొలైనాకు వెళ్లి, అక్కడ కొత్త గణాంక శాఖకు అధిపతి అయ్యారు. ఆ పదవికి పురుషుల పేర్లు సూచించిన స్నెడెకర్, స్త్రీని తీసుకునేట్లయితే కాక్స్‌నే సిఫార్సు చేస్తానని లేఖ చివర జోడించారు.

భారతదేశం: వ్యవసాయ పరిశోధన మండలిలో 1930లో గణాంక విభాగం మొదలైంది. గణాంకవేత్తలు పాన్సే, సుఖాత్మే వ్యవసాయ గణాంక పద్ధతులపై రాసిన గ్రంథం 1954లో వచ్చింది. రాజేంద్రనగర్‌లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో వెలిసింది.

పద్ధతి: ఐదు వరి వంగడాలను పోల్చాలనుకుందాం. కాలువకు దగ్గరైన కొద్దీ నేల సారం ఎక్కువైతే, కాలువకు సమాంతరంగా పొలాన్ని నాలుగు బ్లాకులు చేస్తారు. ఒక్కో బ్లాకులో ఐదేసి చొప్పున మొత్తం 20 మళ్లు. ఏ మడిలో ఏ వంగడం నాటాలో బ్లాకు బ్లాకుకూ విడిగా చీటీ తీస్తారు. గట్టు పక్క వరుసలు వదిలి, తక్కినది కోసి తూస్తారు. సగటుల తేడా ‘సి.డి.’ (క్రిటికల్ డిఫరెన్స్: యాదృచ్ఛికం కాదనడానికి ఉండాల్సిన కనీస తేడా) విలువను దాటితేనే లెక్కలోకి వస్తుంది. బ్లాకులు, చీటీలు ముందే తేలాలి కాబట్టి సలహాకు తగిన సమయం నాట్లకు ముందే. కాలువ పక్క మళ్లన్నీ ఒకే వంగడానికి దక్కిన ప్రయోగాన్ని కోతల తరువాత ఏ సాఫ్ట్‌వేరూ సరిదిద్దలేదు.