ప్రక్కప్రక్కల తీగెలు



మా యూరి రామాలయమున శ్రీరామనవమినాడు జరిగిన యొక చిన్న సంగతితో నేటి ప్రసంగమును ప్రారంభించెదను. పందిరిలో చోటు చాలక వీథిలో నిలిచిన వృద్ధులకును, స్త్రీలకును కల్యాణము కనబడవలెనని యువకులు వేదికకడ పాతపద్ధతి కెమెరా నొకదానిని నిలిపి, వెలుపల పెద్ద తెర కట్టిరి. కెమెరానుండి తెరవఱకు బొమ్మను మోయు తీగె సుమారు నూరు గజములు. అది విడిగా వ్రేలాడుచుండిన చూపునకు బాగుండదని, దీపములకు విద్యుత్తును దెచ్చు తీగెతో దానిని జతపఱచి, గజమున కొక ముడి వేసి, రెంటిని ఒక్క కట్టగా పందిరి గుంజల వెంట గొనిపోయిరి. దీపములు వెలిగినవి. వెంటనే తెరపై వెడల్పైన నల్లని యడ్డుచార యొకటి క్రిందినుండి మీదికి మెల్లగా ప్రాకసాగెను. ధ్వనిపెట్టె తుమ్మెదవలె ఝుమ్మనెను. సరిగా తలంబ్రాల వేళకు సీతారాముల మోములు ఆ చారలో మునిగిపోయెను. కెమెరా చెడినదని కొందఱు, తెర పాతదని కొందఱు అనిరి. ఆ రెండును నిర్దోషములే. దోషము తీగెల పొరుగుదనములో నున్నది.

ఆరు నెలలు సహవాసము చేసినచో వారు వీరగుదురని మన సామెత. తీగెలకు ఆరు నెలలు అక్కఱలేదు. ఒక్క క్షణము చాలును. ఈ సంగతిని లోకము ఎట్లు కనుగొన్నది, దానికి విరుగుడు ఎట్లు కుదిర్చినది అనునదే నేటి కథ. దాని వయస్సు ఇంచుమించు రెండువందల యేండ్లు.

1820వ సంవత్సరమున డెన్మార్కు దేశపు కోపెన్‌హేగెను నగరమునందు ఓర్‌స్టెడ్ అను పండితుడు, తీగెలో విద్యుత్తు ప్రవహించునపుడు సమీపమున నున్న దిక్సూచి ముల్లు ప్రక్కకు తిరుగుటను కనుగొనెను. ముల్లును ఎవరును తాకలేదు. కావున విద్యుత్తు తీగెలో మాత్రమే యుండునది కాదనియు, దాని ప్రభావము తీగె చుట్టును వ్యాపించి యుండుననియు తేలినది. పదునొకండేండ్లకు, 1831వ సంవత్సరమున, లండను నగరమున మైకేల్ ఫారడే ఒక యినుప కడియమునకు రెండు తీగెచుట్టలను వేఱువేఱుగా చుట్టెను. మొదటి చుట్టలో విద్యుత్తును పంపిన క్షణమునను, ఆపిన క్షణమునను మాత్రమే, ఏ సంబంధమును లేని రెండవ చుట్టలో విద్యుత్తు పుట్టెను. నిలకడగా ప్రవహించునపుడు ఏమియు కలుగలేదు. మార్పే ప్రేరణకు మూలమన్నమాట. మన యిండ్లకు వచ్చు విద్యుత్తు సెకండునకు 50 మారులు పోయి వచ్చుచుండును. అనగా నిరంతరము మారుచునే యుండును. కనుకనే అది ప్రక్కతీగెను ఊరకుండనీయదు.

ఫారడే కనుగొన్నది ఆదిలో వరముగానే తోచినది. నేటి విద్యుత్ యంత్రములన్నియు దాని సంతతియే. కాని 1876వ సంవత్సరమున గ్రాహంబెల్ టెలిఫోనును నిర్మించిన పిమ్మట ఆ వరమే శాపముగా పరిణమించినది. ఆనాటి టెలిఫోనుకు ఒక్కటే తీగె. మాట తీగె మీద పోవును; తిరుగు త్రోవ భూమి. టెలిఫోను మిక్కిలి సున్నితమైన చెవి గలది; కాబట్టి ప్రక్కనున్న తంతి తీగెలలోని టకటకలన్నియు దానిలో వినబడుచుండెను. 1888వ సంవత్సరమున అమెరికాలోని రిచ్‌మండు నగరమున స్ప్రేగ్ అను నిపుణుడు విద్యుత్ ట్రాములను జయప్రదముగా నడిపిన పిదప ఇతర నగరములును ఆయనను అనుసరించినవి. మన చెన్నపట్టణమున అవి 1895వ సంవత్సరమున ఆరంభమై 1953వ సంవత్సరము వఱకు నడిచినవి. ట్రాములు సైతము తిరుగుత్రోవకు పట్టాలను, భూమిని వాడుకొనుచుండెను. అందుచే పెక్కు అమెరికా నగరములలో ట్రాము కదలినపుడెల్ల టెలిఫోనులో గురగుర తప్ప మాట వినబడదాయెను.

వివాదము న్యాయస్థానముల కెక్కినది. ఒహయో రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 1891వ సంవత్సరమున ట్రామువారి పక్షమున తీర్పు చెప్పెను. వీథి ప్రధానముగా ప్రజల రాకపోకలకే యుద్దేశింపబడినదనియు, భూమిని త్రోవగా వాడుకొను హక్కు టెలిఫోనువారి సొంతము కాదనియు ఆ తీర్పు తాత్పర్యము. రొద చేయువాడు రొద మానడు. వినువాడే తన చెవిని కాపాడుకొనవలెనని తేలినది. ఈ తీర్పు కఠినముగా తోచవచ్చును. కాని విరుగుడు అప్పటికే సిద్ధముగా నుండెను.

ఆ విరుగుడు జంటతీగె. 1881 ప్రాంతమున బోస్టను నగరమున టెలిఫోను కొలువులో నుండిన జాన్ కార్టీ అను ఇరువదేండ్ల యువకుడు, భూమిని విడిచి, తిరుగుత్రోవకును ఒక తీగెనే వాడగా రొద యణగెను. అదే 1881వ సంవత్సరమున బెల్ పండితుడు ఆ రెండు తీగెలను త్రాటికి పురి వేసినట్లు పెనవేయు పద్ధతికి హక్కుపత్రము పొందెను. పురి వేయుటవలన లాభమేమి? ప్రక్కనున్న బలమైన తీగెకు ఒక చోట మొదటి తీగె దగ్గఱగా నుండును, మఱియొక చోట రెండవది దగ్గఱగా నుండును. మొత్తముమీద రెంటికి తగులు తాకిడి సమానము. త్రాసు తట్టలు రెంటియందును సమానముగా దుమ్ము పడినచో ముల్లు కదలదు గదా! ఇదియు నట్టిదే. స్తంభముల మీది తీగెలకు పురి వేయ వీలుకాదు గనుక, కొన్ని స్తంభముల కొకమారు రెండు తీగెల స్థానములను తారుమారు చేయు పద్ధతి ఏర్పడినది.

రెండవ విరుగుడు కవచము. దాని బీజము సైతము ఫారడేదే. 1836వ సంవత్సరమున ఆయన పండ్రెండడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు గల గది నొకదానిని కట్టించి, దాని చుట్టును లోహము కప్పించి, యంత్రముతో దానికి విద్యుత్తు నెక్కించెను. వెలుపల నిప్పురవ్వలు రాలుచుండగా తాను లోపల కూర్చుండి సున్నితములైన సాధనములతో పరీక్షింపగా, లోపల విద్యుత్తు జాడయే లేకుండెను. 1880వ సంవత్సరమున ఇంగ్లండునందు ఆలివర్ హెవిసైడ్ ఒక తీగె చుట్టును గొట్టమువలె మఱియొక వాహకమును తొడుగు కేబులుకు హక్కుపత్రము పొందెను. 1929వ సంవత్సరమున ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ అను అమెరికా యింజనీర్లు దానిని అనేక సంభాషణలను, టెలివిజను బొమ్మలను మోయదగిన సాధనముగా రూపొందించిరి. 1937వ సంవత్సరమున అట్టి కేబులు మీదనే న్యూయార్కునుండి ఫిలడెల్ఫియాకు బొమ్మలు పంపబడినవి. అదే సంవత్సరము మే నెలలో లండనునందు ఆఱవ జార్జి పట్టాభిషేకపు టూరేగింపును బీబీసీవారు హైడ్ పార్కు మూలనుండి అలెగ్జాండ్రా ప్యాలెసునకు చేర్చినది జంటతీగెల కేబులు ద్వారముననే. ఒక దేశమున కవచము, ఒక దేశమున జంట. రెండు మందులును రోగమును కుదిర్చినవి.

అయితే కవచము సర్వరోగ నివారిణి కాదు. మా తెరకు తగిలించిన తీగెకును రాగివల కవచము కలదు. ఇంటివిద్యుత్తు పుట్టించు అయస్కాంత ప్రభావము అట్టి పలుచని వలను సులభముగా దాటును. అంతేకాక, కెమెరాకు గుడిలో ఒక ఎర్తు, తెరకు వీథిలో మఱియొక ఎర్తు ఉండెను. రెండు ఎర్తుల నడుమ కొంచెము వ్యత్యాస మున్నను ఆ వలలోనుండియే విద్యుత్తు ప్రవహించి బొమ్మలో చేరును. బొమ్మయు సెకండునకు ఇంచుమించు 50 మారులు గీయబడుచుండును. రెండు లెక్కలకు నడుమ రవ్వంత భేదముండుటచేతనే చార నిలువక మెల్లగా ప్రాకినది.

మఱునాడు ఊరిలోని వృద్ధుడైన యొక విద్యుత్ పనివాడు వచ్చి ముడులన్నియు విప్పించెను. బొమ్మతీగెను దీపపుతీగెకు ఒక మూరెడు దూరముగా వేఱు గుంజలమీద వేయించెను. దాటక తప్పని చోట రెండును కత్తెరగుర్తువలె అడ్డముగా దాటునట్లు చేసెను. ఏలయన, వెంబడి నడచుటవలన కలుగు ప్రేరణ అడ్డముగా దాటినచో మిక్కిలి తగ్గును. కెమెరాకును తెరకును ఒకే చోటినుండి విద్యుత్తు నిచ్చెను. నాటి సాయంకాలపు పూజలో తెర నిర్మలమైనది.

కాని నేను మఱువలేనిది చార కాదు. ముడులు విప్పునపుడు, ఇనుప గుంజకు ఒరసి దీపపుతీగె తొడుగు ఒకచోట అఱిగిపోయి రాగి బయటపడి యుండుటను చూచితిమి. దానికి అంగుళము దూరమున బొమ్మతీగె. ఆ బొమ్మతీగె కొనను చేత బట్టుకొని కల్యాణమంతయు తెరకడ నిలిచినవాడు పదునాలుగేండ్ల బాలుడు. చారకు ఆ యఱుగుడు కారణము కాదు. అయినను చార కనబడకున్నచో ముడులు విప్పువారే లేకుందురు. మఱియొక యుత్సవమున రాగి రాగిని తాకియుండెడిది. బొమ్మ చెడిన మఱల తీయవచ్చును. ప్రాణమును మఱల తేలేము.

నేటి కెమెరాలలో పెక్కింటికి వాడు తీగెలో నాలుగు పురిజంటలు కలవు. అవి 1881వ సంవత్సరపు బెల్ పద్ధతి సంతానమే. గాజుతంతులలో వెలుగే వార్తను మోయును గనుక వానికి ఈ బాధయే లేదు. అయినను విద్యుత్తు తీగెను, వార్తతీగెను ఒకే గొట్టములో దూర్చి ఖర్చు కలిసినదని సంతోషించుట నేటికిని కొన్ని యిండ్లలో, గుడులలో, బడులలో కనబడుచున్నది. పెద్దలగు మీరు పందిరి వేయించునపుడు తాటాకులను, గుంజలను పరీక్షించినట్లే తీగెలనుగూడ ఒక్కమారు చూడుడు. జంటగా నడువవలసినవి జంటగాను, ఎడముగా నుండవలసినవి ఎడముగాను ఉన్నవో లేదో అడుగుడు. రెండువందల యేండ్ల పరిశ్రమ మనకు ఇచ్చిన బుద్ధి ఆ మూరెడు దూరములో నున్నది.