పంక్తి భోజనం: తొలి క్రైస్తవులకు ఎదురైన చిక్కు



మా సరిహద్దు ఊళ్ళ బడుల్లో ఉపాధ్యాయుల గదికి చవితికి ఉండ్రాళ్ళు, రంజానుకు సేమ్యా ఖీరు, క్రిస్మసుకు కేకు రావడం మామూలే. ఒక ఏడు ఉండ్రాళ్ళ పళ్ళెం ముందు ఒక క్రైస్తవ మిత్రుడు చెయ్యి చాపలేక ఆగిపోయాడు. "ఏం మాస్టారూ, మా ఇంటిది తినరా?" అంటూ తెచ్చినాయన చిన్నబుచ్చుకున్నారు. ఈ చిక్కు ఈనాటిది కాదు. క్రైస్తవం పుట్టిన తొలి తరంలోనే వచ్చింది.

తొలి క్రైస్తవులు యూదులు. తినదగినవేవో, తినకూడనివేవో వారి ధర్మశాస్త్రం చెప్పింది. అన్యుల ఇంట భోజనమంటే చాలామంది జంకేవారు. అలాంటిది, పేతురు కైసరయలో కొర్నేలి అనే రోమను శతాధిపతి ఇంటికి వెళ్ళాడని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అంతియొకయలో కూడా ఆయన యూదులు కానివారితో కలిసి తిన్నాడు. అయితే యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి పంక్తి విడిచాడు. పౌలు అందరి ఎదుటే ఆయనను నిలదీశాడు. మనుషుల్ని విడదీసే పంక్తి ఆయనకు సమ్మతం కాలేదు.

సుమారు 49లో యెరూషలేము పెద్దలు సమావేశమై, యూదులు కాని విశ్వాసులు సున్నతి చేయించుకోనక్కరలేదన్నారు. విగ్రహాలకు అర్పించినవి, రక్తం వంటివి మాత్రం మానమన్నారు.

అసలు పరీక్ష కొరింథులో వచ్చింది. జూలియస్ సీజరు క్రీ.పూ. 44లో తిరిగి నెలకొల్పిన రేవు పట్టణమది. అక్కడి అస్క్లెపియసు గుడి తవ్వకాల్లో భోజనపు గదులు బయటపడ్డాయి. ఒక్కో గదిలో 11 మంది ఆనుకుని తినే ఏర్పాటుంది. విందులు, వేడుకలు గుళ్ళలో జరిగేవి. బలి మాంసంలో కొంత అంగడికీ వచ్చేది. వెళ్ళకపోతే చుట్టాలు, తోటి పనివారు దూరమవుతారు. వెళితే మనస్సాక్షి గుచ్చుతుంది. మరి వారేం చేయాలి?

50వ దశకం నడుమ పౌలు ఎఫెసు నుంచి రాసిన జాబులో ఈ చిక్కును మూడుగా విడదీశాడు. అంగడిలో కొన్నదాన్ని ఆరా తీయకుండా తినవచ్చు. వేరే నమ్మకం గల మనిషి ఇంటికి పిలిస్తే వెళ్ళి, పెట్టింది తినవచ్చు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే, ఆ చెప్పినవాని మనస్సాక్షి కోసం మానాలి. గుడిలో పూజా పంక్తికి మాత్రం కూర్చోరాదు. తినే స్వేచ్ఛ ఉన్నా, అది తోటివాణ్ణి తడబడేలా చేస్తే విడిచిపెట్టాలన్నది ఆయన అసలు మాట.

అందరూ ఇంత సడలింపు ఇవ్వలేదు. డిడాకే అనే తొలినాటి గ్రంథం అర్పించిన ఆహారం విషయంలో గట్టిగా హెచ్చరించింది. ప్రకటన గ్రంథం పెర్గము, తుయతైర సంఘాలను ఇందుకే మందలించింది. నేటికీ క్రైస్తవులందరిదీ ఒకే అభిప్రాయం కాదు.

మా మిత్రుని సంగతి చెప్పి ముగిస్తాను. మర్నాడు ఆయనే పళ్ళెం తెచ్చినాయన దగ్గరికి వెళ్ళి, "ప్రసాదమంటే నా మనసు ఒప్పుకోదు మాస్టారూ. మీ ఇంటి భోజనానికి పిలవండి, తప్పకుండా వస్తాను" అన్నాడు. ఆయన పిలిచారు. ఈయన వెళ్ళి, మజ్జిగన్నం దాకా ఆగి, తృప్తిగా తిని వచ్చాడు. ఏది ఎందుకు తినడో విప్పి చెప్పాడు కాబట్టే ఆ రెండిళ్ళ రాకపోకలు నిలిచాయి.